బాటసారికి మొదటి గ్లాసు

ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేసి, అందులో చివరి తొమ్మిదేళ్ళు తాడేపల్లిగూడెం దాపున ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉండి, పదవీ విరమణ చేసిన నెలలోనే నేను స్వగ్రామానికి తిరిగి వచ్చాను. గుండుగొలను దగ్గర హైవే దిగి కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద మా ఊరు. ఒకప్పుడు ఆ రోడ్డుకు రెండు పక్కలా వరిచేలు ఉండేవి. ఇప్పుడు చేపల చెరువులే ఎక్కువ. ఎటు చూసినా నీళ్ళే కనిపిస్తాయి గాని, ఆ నీటిలో ఒక్క గుక్క కూడా మనిషి తాగడానికి పనికిరాదు. బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. ఊరంతటికీ తాగేందుకున్నది ఒకే ఒక్క మంచినీళ్ళ చెరువు. వేసవిలో కాలవలు కట్టివేయక ముందే దానిని నింపుకోవాలి. మళ్ళీ కాలవకు నీరు వదిలి, అది చివరి శివారైన మా ఊరి దాకా పారి వచ్చేవరకు ఆ నీటినే పొదుపుగా వాడుకోవాలి.

ఊరికి చేరిన తొలి సంవత్సరమే ఆ చెరువు కమిటీకి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. అంతకు ముందు అక్కడ ఒక పద్ధతంటూ లేదు. ఎవరికి తోచినప్పుడు వారు మోటారు వేసేవారు. నేను వేళలు నిర్ణయించాను. గట్టు మీద బోర్డు పెట్టించి ఏడు నిబంధనలు రాయించాను. వాటిలో అయిదవది ఇది: చెరువులో వలలు గాని, బస్తాలు గాని, పశువులను గాని కడగరాదు, కడిగిన వారి కొళాయి వారం రోజులు నిలిపివేయబడును. ఆ వాక్యాన్ని నేనే కూర్చాను. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు అని అప్పట్లో నాకు తృప్తిగా ఉండేది.

గట్టుకు అవతల, చేపల చెరువుల మధ్య రేకుల షెడ్లు వరుసగా ఉంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చెరువులకు కాపలా ఉంటూ, చేపలకు మేత వేసే కుటుంబాలు వాటిలో కాపురం ఉంటాయి. వారికి వేరే గొట్టం మీద ఒక్క కొళాయి. దాని వాల్వు మా చెరువు మూలన ఇటుకల గుంటలో, ఇనుప మూత కింద ఉంటుంది. మూతకు తాళం. తాళంచెవి నా దగ్గర.

పీర్ల పండుగ సంగతి చెప్పడానికి ముందు ఈ నీళ్ళ సంగతి ఇంతగా చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే నాకు ఆ రెండూ ఒకే నాడు బోధపడ్డాయి.

మా ఊళ్ళో ముస్లిముల ఇళ్ళు నాలుగే. అయినా పీర్ల చావిడి ఊరందరిదీ. చావిడి చూసుకునే ముజావరు డీజిలు ఇంజన్లు బాగుచేసే మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్ద. చెరువుల మీద ఏ ఇంజను మొరాయించినా ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళవలసిందే. మొహర్రం నెల మొదలయ్యేసరికి మాత్రం ఆ సంచి గోడ మేకుకు తగిలించి, చేతుల నూనె మరక పోయేదాకా రుద్ది కడుక్కుని, చావిడి గడప దాటి లోపలికి వెళతాడు. పెట్టెలో పదకొండు నెలలు నిద్రించిన ఇత్తడి పీర్లను బయటికి తీసి, చింతపండుతో తోమి, కర్రలకు ఎక్కించి, పట్టుగుడ్డలు కట్టి నిలబెడతాడు. మా ఊరి పీర్లు రెండు. ఒకటి ప్రవక్త మనుమడైన ఇమాంది. రెండవది ఆ ఇమాం తమ్ముడిది, కర్బలాలో గుడారంలోని పిల్లలకు నీళ్ళు తేవడానికి ఏటికి వెళ్ళి, తోలుతిత్తి నింపుకుని వస్తూ చేతులు నరికించుకున్న వానిది.

బాల్యంలో నాకు పీర్ల పండుగ అంటే డప్పులు, గుండంలో నిప్పులు, పులివేషాలు మాత్రమే. చదువుకున్న తరువాత అదంతా క్రమం లేని గందరగోళంగా తోచింది. పదవీ విరమణ తరువాత ముజావరుతో కూర్చునే అలవాటయ్యాకే అసలు కథ పూర్తిగా విన్నాను. ఆయన చెప్పే తీరులో ఆవేశం ఉండదు. ఇంజనులో ఏ భాగం ఎక్కడుంటుందో చెప్పినంత నిదానంగా చెబుతాడు.

"రాజు చేతిలో చెయ్యి వేసి మాటిమ్మన్నారండి. అన్యాయస్తుడికి మాటివ్వనన్నారు ఇమాం గారు. అంతేనండి తగువు. ఇల్లు వదిలి, ఆడవాళ్ళతో పిల్లలతో ప్రయాణమైపోయారు. దారిలో ఎడారిలో ఆపేశారండి. పక్కనే ఏరు. ఆ ఏటికి కాపలా పెట్టేశారు."

"ఎన్నాళ్ళు?"

"మూడు రోజులండి. పశువులు తాగచ్చు, పక్షులు తాగచ్చు, వీళ్ళు తాగకూడదు. ఆర్నెల్ల పసిబిడ్డ కూడానండి." అక్కడ ఆగి, పొయ్యి మీద టీ దించి నాకు పోసి అన్నాడు, "చంపడం లోకంలో ఉన్నదేనండి మాస్టారూ. నీళ్ళాపడం మాత్రం ఇంకా ఎవరూ మరిచిపోలేదు."

ఏలూరులో ఉన్న ఆయన అల్లుడికి ఈ పీర్లు ఇష్టం లేవు. ఇవి మతంలో లేవని, మానేయమని వచ్చినప్పుడల్లా చెబుతాడు. ఆ మాట నేను ఎత్తితే ముజావరు కోపగించలేదు. "అతను చదువుకున్నాడండి, తప్పు చెప్పడు. నేను మాత్రం ఆ మహానుభావుణ్ణి ఈ కర్ర పట్టుకునే తెలుసుకున్నాను. ఈ వయసులో వేరే దారి వెతుక్కోలేనండి" అన్నాడు.

పదవ రోజు మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పీర్లను లేపడానికి ముందు బెల్లం, మిరియాలు, యాలకులు వేసి కాగునిండా పానకం కలుపుతారు. మొదటి గ్లాసు ఊరివాడు తాగకూడదు. ఆ వేళకు ఊరి మీదుగా పోతున్న పరాయి మనిషిని ఎవరినైనా ఆపి ఇవ్వాలి. ఇమాం పరాయిచోట, ప్రయాణంలో, దాహంతో పోయాడు గనుక బాటసారి దాహం తీరాకే పీరు లేవాలి. ఐసు వ్యాను డ్రైవరు, బాతులు తోలుకుపోయేవాడు, బట్టల మూట మోసుకొచ్చేవాడు, ఎవరైనా సరే. ఒక్కొక్క ఏడు బాటసారి దొరక్క గంటసేపు అందరూ ఎండలో నిలబడేవారు. ఈ అనిశ్చితి నాకు నచ్చలేదు. పండుగ నిర్వహణలో వరుసలు చూసే పని నాకప్పగించారు గనుక, దీనికీ ఒక ఏర్పాటు చేశాను. కైకలూరులో నాకు పరిచయమున్న చేపల వ్యాపారి ఒకరికి ముందుగానే ఫోను చేసి, పదవ రోజు పదింటికల్లా రమ్మని ఆహ్వానించాను. ఆ పద్ధతి రెండేళ్ళు చక్కగా నడిచింది.

నా భార్య దానిని మెచ్చుకోలేదు. "ఏవండీ, దారినపోయేవాణ్ణి ఫోను చేసి పిలిపించడం మీకే చెల్లింది. వచ్చే ఏడు శుభలేఖ కూడా వేయించండి" అన్నది.

"పదింటికి కార్యక్రమం పదింటికి జరిగిందా లేదా?"

"జరిగింది. పీర్లకి కూడా హాజరు వేసేస్తారు మీరు."

మూడవ సంవత్సరం. పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక ఆ ఏడు అది ఎండలు తగ్గక ముందే, కాలవ నీరు మా శివారుకు అందక ముందే వచ్చింది. చెరువులో నీరు నాలుగు మెట్లు కిందికి దిగింది. అటువంటి సమయంలో ఒక ఉదయం షెడ్లవారిలో ఎవరో మేత బస్తాలు తెచ్చి మెట్ల మీద ఉతికారు. నేను వెళ్ళేసరికి నీటి మీద తవుడు తేలుతున్నది. అక్కడున్న ఇద్దరు ముగ్గురిని ఎవరని విచారించాను. ఎవరూ ఒప్పుకోలేదు. నిబంధన స్పష్టంగా ఉన్నది. నేను తాళం తీసి, వాల్వు బిగించి, తిరిగి తాళం వేశాను. వారం వరకు షెడ్లవారిని చెరువు మెట్ల దగ్గరికి రానివ్వవద్దని గట్టు మీద ఉండేవారికి చెప్పాను.

అప్పుడు నా మనస్సులో ద్వేషం లేదని నిజాయితీగా చెప్పగలను. బడిలో ఒకడు సుద్దముక్క విసిరితే, ఎవరో చెప్పేవరకు తరగతినంతా నిలబెట్టడం నాకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. టిన్నుల నీళ్ళ బండి వస్తుంది, కొనుక్కుంటారు అనుకున్నాను. ఆ బండి మట్టిగట్టు మీదికి వెళ్ళదని నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు.

పదవ రోజు వచ్చింది. చావిడి ముందు తాటాకు పందిరి, కాగులో పానకం, పీర్లకు కొత్త పట్టుగుడ్డలు. పేటలోని క్రైస్తవ కుటుంబాలవారు తరతరాలుగా డప్పు వాయించేవారు. వారు డప్పులు మంటకు కాస్తున్నారు. ఆడవారు ఒక వరుస, మగవారు ఒక వరుస. ముగ్గుపిండితో నేనే గీతలు గీయించాను. కైకలూరు వ్యాపారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోటారు సైకిలు చింతచెట్టు నీడన పెట్టి, పదికి అయిదు నిమిషాలుండగా వచ్చాడు.

"నమస్కారమండి మాస్టారు గారూ. బాటసారి హాజరండి" అన్నాడు నవ్వుతూ.

"రండి. ఇక్కడ నిలబడండి" అని స్థలం చూపించాను.

ముజావరు గ్లాసు నిండా పానకం ముంచి బయటికి వచ్చాడు. వ్యాపారి చెయ్యి చాపాడు. ముజావరు ఆయన వంక చూసి, రోడ్డు వంక చూశాడు. ఖాళీ ప్లాస్టిక్ బిందె నడుమున పెట్టుకుని షెడ్ల వైపు నుంచి ఒక స్త్రీ వస్తున్నది. ముప్పై ఏళ్ళుంటాయి. జనాన్ని చూసి పక్కగా తప్పుకుని పోబోయింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఇలా రా తల్లీ" అని ముజావరు పిలిచాడు.

నేను దగ్గరికి వెళ్ళి మెల్లిగా అన్నాను, "సాయిబు గారూ, బాటసారి వచ్చారు కదండీ."

"ఆయన మన చుట్టమండి. పిలిస్తే వచ్చారు. పిలిచినవాడు బాటసారి ఎలా అవుతాడండీ? రెండేళ్ళు మీ మాట కాదనలేక ఊరుకున్నాను" అని, నేను మరొక మాట అనేలోగా గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె బిందె కింద పెట్టి, రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. పానకం వంక చూసింది. తాగలేదు.

"తాగమ్మా. నువ్వు తాగితేగాని పీరు లేవదు" అన్నాడు ముజావరు.

"నాను తాగను బాబూ. తప్పుగా అనుకోకండి. మా పిల్లలకి గొంతులో మంచినీల్లు పడి మూడు రోజులైపోనాది. సేపల సెరువు నీల్లు కాసి పోస్తన్నాం, కక్కేస్తన్నారు. ఆల్లు అలగుంటే నాను తీపి పానకం ఎలా మింగేది? ఈ గలాసు ఒలక్కుండా అట్టుకెల్లి ఆల్లకి పోస్తాను, ఎల్లనీయండి."

"అది ఇక్కడే తాగాలమ్మా, ఆచారం" అన్నాను నేను.

"అయితే ఇది మీరే అట్టుకోండి బాబూ." ఆమె గ్లాసు నా వైపు చాపింది. అందులో ధిక్కారం ఏమీ లేదు. అలసట ఉంది. "ఊర్లో ఎవులైనా బిందెడు నీల్లు ఇస్తారేమో అడగనాకి వొచ్చాను. ఎవురు ఆపించారో, ఆరిని కూడా అడుగుతాను. కాల్లట్టుకుంటాను."

ఎవరు ఆపించారో ఆమెకు తెలియదు. అక్కడున్న తక్కిన అందరికీ తెలుసు. పందిరి కింద ఆడవారి వరుసలో నా భార్య కూడా ఉంది. ఆమె నన్ను చూడలేదు. కొంగు చివర చూసుకుంటున్నది.

వ్యాపారి పరిస్థితిని తేలిక చేయబోయి, "పోనీ నేను తాగేస్తానండి, అందరూ ఎండలో ఉన్నారు" అన్నాడు.

"చేతికిచ్చిన గ్లాసు వెనక్కి తీసుకోవడం మాకు లేదండి" అన్నాడు ముజావరు. గొంతు పెంచలేదు. వెళ్ళి చావిడి అరుగు మీద కూర్చున్నాడు. పీర్లు లోపల గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. డప్పులవారు డప్పులు నేల మీద పెట్టేశారు.

కమిటీ అధ్యక్షుడు మా ఊరి పెద్ద రైతు. నా పక్కకు వచ్చి చెవిలో అన్నాడు, "ఏం చేద్దామండి మాస్టారూ? ఇంకో నాలుగు రోజులుంది గదండీ, వారం."

"నిబంధన అదే కదండీ."

"ఆయ్. అదేననుకోండి. మీరెలా అంటే అలాగేనండి."

నేను ఎలా అంటే అలాగే. ముప్పై నాలుగేళ్ళు ఆ మాట వినడానికి అలవాటు పడిన నాకు ఆ నిమిషం అది మొదటిసారి బరువుగా తోచింది. ఒకరి తప్పుకు వాల్వు కట్టాను, ఇప్పుడు అందరి ముందు తెరిస్తే బోర్డు మీది ఏడు నిబంధనలనూ రేపటినుంచి ఎవరు లెక్కచేస్తారు, అని ఒక ఆలోచన. ఆమె మూడు రోజులన్నది. నేను అప్రయత్నంగా వేళ్ళ మీద లెక్కించాను. ఇవాళ పది. నేను వాల్వు బిగించింది పండుగ ఏడవ రోజు ఉదయం. ఏటికి కాపలా పెట్టింది కూడా ఏడవ రోజునే అని ముజావరు నాకు చెప్పి ఉన్నాడు. ఆ కథ వింటూ నేను ప్రతిసారీ గుడారాల వైపు కూర్చుని విన్నాను. ఏటి ఒడ్డున నిలబడ్డవారు ఎలా ఉంటారో ఎన్నడూ ఊహించుకోలేదు. వారికీ ఒక ఉత్తర్వు ఉండే ఉంటుంది. దానిని వారు క్రమం తప్పకుండా అమలు జరిపి ఉంటారు.

తాళంచెవి జేబులోనే ఉంది. "రా అమ్మా" అన్నాను.

చెరువు మూలకు ఫర్లాంగు దూరం. నేను ముందు, బిందె నడుమున పెట్టుకుని, గ్లాసు తొణక్కుండా పట్టుకుని ఆమె నా వెనుక. కొంత దూరం వెళ్ళాక అడుగుల చప్పుడు విని తిరిగి చూస్తే, గీతలు దాటి జనమంతా వస్తున్నారు. ముజావరు కూడా వస్తున్నాడు. ఎవరూ వరుసలో లేరు. నేను సరిచేయలేదు.

ఇనుప మూత ఎండకు కాలిపోతున్నది. తాళం తీసి మూత ఎత్తాను గాని, మూడు రోజుల క్రితం నేనే బిగించిన వాల్వు నా చేతికి తిరగలేదు. ముజావరు దిగి, అలవాటైన చేతులతో రెండు చుట్లు తిప్పాడు. అవతల షెడ్ల దగ్గర కొళాయి నుంచి మొదట గాలి, తరువాత తుప్పు నీరు, ఆ తరువాత తేటనీరు వచ్చాయి. ఆమె గ్లాసు గట్టు మీద పెట్టి, దాని మీద చెయ్యి మూతగా ఉంచమని నాకు చెప్పి, పరుగెత్తింది. ఈగలు వాలకుండా ఆ గ్లాసుకు నేను చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాను. షెడ్లలోనుంచి బిందెలు, బకెట్లు, గిన్నెలు బయటికి వచ్చాయి. ఒకరినొకరు తోసుకున్నారు. ఆమె తన ఇద్దరు పిల్లలకు దోసిళ్ళతో పట్టి తాగించి, ముఖాలు తుడిచి, తడిచీరతో, నిండు బిందెతో తిరిగి వచ్చింది.

"ఏటి బాబూ, తాళం మీ కాడే ఉన్నాదా?" అన్నది నన్ను చూసి.

"నా దగ్గరే ఉంది. ఆపించింది నేనే" అన్నాను.

ఆమె గ్లాసు తీసుకుని, కూర్చోకుండా, ఒక్క గుక్కలో తాగేసింది. ఆ పానకం అప్పటికి వేడెక్కిపోయి ఉంటుంది. మూతి తుడుచుకుని, గ్లాసు కడిగి ముజావరుకు ఇచ్చింది. కడగడానికి చెరువు మెట్లు దిగబోయి, ఆగి, బిందెలో నీటితో గట్టు కిందికి కడిగింది.

పన్నెండు దాటాక పీర్లు లేచాయి. నా కార్యక్రమ పత్రంలో పది గంటలకని ఉంది.

ఆ సాయంత్రం పీర్లను కడిగి పెట్టెలో పెడుతున్న ముజావరు దగ్గరికి వెళ్ళాను. "నేను ఏడో రోజునే కట్టానని మీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"మరి నాతో ఒక్కమాట అనలేదేం?"

"మీరు హెడ్మాస్టారు గారండీ. లెక్క మీకే అందుతుందనుకున్నాను."

"ఆమె అటు రాకపోతే?"

ఆయన పట్టుగుడ్డ మడత పెట్టడం ఆపలేదు. "కైకలూరు ఆయన తాగేవారండి, పీరు లేచేది, డప్పులు మోగేవి. అన్నీ టైముకే అయిపోయేవండి" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. కనిపించలేదు. ఉంటే బాగుండేదనిపించింది.

మరునాడు షెడ్లలోని ఒక ముసలాయన వచ్చి, బస్తాలు ఉతికింది తానేనని, కళ్ళు సరిగా కనపడక బోర్డు చూడలేదని చెప్పాడు. చదువు కూడా రాదన్నాడు. నేను సరేనన్నాను.

తరువాతి కమిటీ సమావేశంలో అయిదవ నిబంధనను సవరించాలని ప్రతిపాదించాను. చెరువును పాడుచేయరాదన్న మొదటి భాగం ఉండాలి. ఏ కారణం చేతనైనా, ఎవరికైనా, ఒక్క పూట అయినా తాగునీరు నిలిపివేయుటకు కమిటీకి అధికారం లేదని రెండవ భాగం మారాలి. అధ్యక్షుడు తల గోక్కున్నాడు.

"బాగానే ఉందండి మాస్టారూ. మరి కడిగినోడికి శిక్ష ఏంటండీ? శిక్ష లేకపోతే రేపు గేదెల్ని తోలేస్తారండి ఇందులోకి."

ఆయన సందేహం న్యాయమైనదే. క్రమం లేకుంటే ఆ చెరువు రెండు నెలలు నిలవదు. ఆ అభిప్రాయం నాకు ఇప్పటికీ మారలేదు. ఆలోచించి చెబుతానన్నాను. గట్టు మీది బోర్డుకు కొత్త రంగు వేయించి, ఆ సవరణతో ఏడు నిబంధనలూ తిరిగి రాయించాను. అయిదవ దాని చివర, శిక్ష రాయవలసిన చోట, పెయింటరు రెండు అంగుళాల ఖాళీ వదిలాడు. ఏం రాయాలో చెప్పమని అతడు రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగాడు. ఇంకా చెప్పలేదు.